ఇంట్లో ఒక పాటల గాదె

పిల్లలూ! మీ ఇంట్లో పాటలు, ఫోటోలు, వీడియోలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒక్కసారి లెక్క వేయండి. అక్క పెళ్ళి వీడియో బీరువాలోని పెన్‌డ్రైవులో ఉంటుంది. పైడితల్లి సిరిమానోత్సవం నాడు నాన్న తీసిన ఫోటోలు నాన్న ఫోనులోనే ఉండిపోతాయి. బడి వార్షికోత్సవంలో మీరు వేసిన నాటకం అన్నయ్య పాత ఫోనులో ఉంది; ఆ ఫోను తెర ఏనాడో పగిలిపోయింది. తాతయ్య చెప్పిన జముకుల కథ అటక మీది క్యాసెట్టులో దుమ్ము కొట్టుకొని ఉంది. కావలసినప్పుడు ఏదీ చేతికి రాదు.

పూర్వం మన రైతులు పండిన ధాన్యాన్ని చాటలో కొంత, బుట్టలో కొంత దాచుకునేవారు కాదు. అంతా ఒకే గాదెలో పోసి, కావలసినప్పుడు కావలసినంత తీసుకునేవారు. ఇంట్లోని పాటలకూ, వీడియోలకూ అలాంటి గాదె ఒకటి కట్టుకోవచ్చు. దాన్నే మీడియా సర్వర్ అంటారు. సర్వర్ అంటే వడ్డించేది అని అర్థం. అడిగిన వారికి అడిగిన పాటను అందించడమే దాని పని. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు ఇందుకు చాలు. అది ఎలా పనిచేస్తుందో, ఎందుకు అంత చిన్నది సరిపోతుందో, దాన్ని మనమే ఎలా తయారుచేసుకోవచ్చో ఈ పాఠంలో తెలుసుకుందాం.

నెట్టు వేరు, ఇంటి వల వేరు

ఈ సంగతి తరగతిలో చెప్పగానే ఒక అబ్బాయి లేచి, "నెట్టు లేకుండా వైఫై ఏటి మాస్టారూ?" అని అడిగాడు. మంచి ప్రశ్న. మనలో చాలామంది వైఫై, ఇంటర్నెట్టు రెండూ ఒకటే అనుకుంటారు. కాదు సుమా!

మీ ఇంట్లోని రూటరు రెండు పనులు చేస్తుంది. మొదటిది, ఇంట్లోని ఫోన్లనూ టీవీనీ కంప్యూటర్లనూ ఒకదానితో ఒకటి కలపడం. ఇది ఇంటి వల. రెండవది, ఈ ఇంటి వలను బయటి ప్రపంచంతో కలపడం. ఇది ఇంటర్నెట్టు. బయటి తీగ తెగితే రెండవ పని మాత్రమే ఆగిపోతుంది. రూటరుకు కరెంటు ఉన్నంతసేపూ మొదటి పని సాగుతూనే ఉంటుంది. ఊరి రోడ్డు కొట్టుకుపోయినా ఇంట్లో వంటగది నుంచి వసారాలోకి నడవడానికి అడ్డు లేదు కదా! ఇదీ అంతే.

ఈ తేడా మన జిల్లాల వారికి బాగా అవసరం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచే గాలులతో శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు వేల సంఖ్యలో కరెంటు స్తంభాలు కూలిపోయాయి. చాలా గ్రామాలకు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. అంతకు ముందు ఏడాది, 2017 డిసెంబరు 27న, అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్‌లో తీగలను చాలావరకు భూమిలో పాతకుండా కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. అందువల్ల ఖర్చు బాగా తగ్గింది. కాని స్తంభం కూలితే కరెంటుతో పాటు ఆ తీగా పడిపోతుంది.

దూరాన ఎక్కడో దాచుకున్న పాట అలాంటి రోజున మనకు అందదు. ఇంట్లోని గాదెలో ఉన్నది మాత్రం అందుతుంది. కాకపోతే ఆ గాదె చాలా తక్కువ కరెంటుతో నడిచేదై ఉండాలి.

పాట అంకెలుగా మారితే

గాదె ఎంత పెద్దది కావాలో తెలియాలంటే ధాన్యం ఎంతో తెలియాలి. మనం మాట్లాడినప్పుడు గాలిలో ఒత్తిడి హెచ్చుతగ్గులవుతుంది. మైకు ఆ హెచ్చుతగ్గులను విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. కంప్యూటరు ఆ సంకేతాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ 16 బిట్లతో రాసుకుంటుంది. కుడి, ఎడమ చెవులకు వేరువేరుగా రెండు వరుసలు. అంటే సెకనుకు

44,100 × 16 × 2 = 14,11,200 బిట్లు.

8 బిట్లు ఒక బైటు. కాబట్టి సెకనుకు 1,76,400 బైట్లు. గంటకు సుమారు 635 మెగాబైట్లు. సీడీలో పాట ఇలాగే ఉంటుంది.

మన చెవి పట్టుకోలేని వివరాలను వదిలేసి పాటను కుదించే పద్ధతి ఒకటి ఉంది. అదే ఎంపీ3. సెకనుకు 1,28,000 బిట్ల చొప్పున కుదిస్తే గంట పాట 57.6 మెగాబైట్లలో ఇమిడిపోతుంది. ఒక టెరాబైటు డిస్కులో ఇలాంటి పాట 17,361 గంటలు పడుతుంది. పగలూ రాత్రీ ఆపకుండా విన్నా అది పూర్తి కావడానికి 723 రోజులు కావాలి!

అయితే ఒక హెచ్చరిక. ఒకసారి వదిలేసిన వివరాలు మళ్ళీ రావు. మళ్ళీ దొరకని గొంతులను ఫ్లాక్ అనే పద్ధతిలో దాచండి. అది ఏ వివరాన్నీ పారేయదు. అయినా చోటును సుమారు సగానికి తగ్గిస్తుంది.

పంచడం తేలిక, దంచడం కష్టం

"ఇంటిల్లిపాదికీ వడ్డించాలంటే పెద్ద కంప్యూటరు కావాలేమో!" అని మీరు అనుకోవచ్చు. లెక్క చూడండి. ఎంపీ3 పాటకు సెకనుకు 16,000 బైట్లు అందిస్తే చాలు. మంచి స్పష్టత గల వీడియోకు సెకనుకు సుమారు పది లక్షల బైట్లు అనుకుందాం. ముగ్గురు మూడు వేర్వేరు వీడియోలు చూసినా సెకనుకు 30 లక్షల బైట్లే. ఈనాటి చిన్న కంప్యూటర్లలో ఉండే గిగాబిట్ తీగ సెకనుకు 12 కోట్ల 50 లక్షల బైట్ల వరకు మోయగలదు. అంటే మన సర్వర్ ఎక్కువసేపు ఊరికే కూర్చొని ఉంటుంది.

వీడియోను విప్పి తెర మీద బొమ్మగా మార్చే కష్టమైన పని టీవీ లేదా ఫోను చేసుకుంటుంది. సర్వర్ ధాన్యం కొలిచి ఇవ్వడమే. కాని టీవీకి అర్థంకాని రూపంలో వీడియో ఉంటే, కొన్ని సర్వర్ ప్రోగ్రాములు దాన్ని అప్పటికప్పుడు వేరే రూపంలోకి మార్చి ఇవ్వబోతాయి. అది ధాన్యాన్ని దంచి, వండి పెట్టమనడం లాంటిది. చిన్న కంప్యూటరు అక్కడ తడబడుతుంది. వీడియో ఆగి ఆగి వస్తుంది. అందుకే ముందే అన్ని పరికరాలూ చదవగలిగే రూపంలో, అంటే ఎంపీ4 వీడియోలుగా, ఎంపీ3 పాటలుగా ఒక ప్రతి తయారుచేసి గాదెలో పోయాలి.

ఇంకో సంగతి. మీ ఫోన్లలో నారింజ రంగు శంకువు గుర్తుతో వీఎల్‌సీ అనే ప్రోగ్రాం ఉంటుంది. అది పుట్టింది ఇలాంటి పనికే. 1996లో ఫ్రాన్సులోని ఎకోల్ సెంట్రాల్ పారీ అనే ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు తమ ఆవరణలోని వల ద్వారా గదిగదికీ వీడియో పంపాలని మొదలుపెట్టిన పని అది. 2001లో దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చారు. విద్యార్థుల పని ప్రపంచమంతా తిరగగలదని గుర్తుంచుకోండి!

అమ్మీటరు సున్నా చూపిన రోజు

చిన్న కంప్యూటరుకు ఇంత తక్కువ కరెంటు ఎలా సరిపోతుంది? దీని వెనుక ఒక కథ ఉంది.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఏకార్న్ అనే చిన్న కంప్యూటర్ల కంపెనీ ఉండేది. అక్కడ సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ అనే ఇద్దరు కలిసి ఆర్మ్ అనే కొత్త ప్రాసెసరును రూపొందించారు. చిప్పును చవకైన ప్లాస్టిక్ తొడుగులో పెట్టాలంటే అది ఒక వాట్‌కు మించి వేడి పుట్టించకూడదు. అందుకని ఆజ్ఞలను సరళంగా, ట్రాన్సిస్టర్లను తక్కువగా ఉంచారు. 1985 ఏప్రిల్ 26న మొదటి చిప్పు చేతికి వచ్చింది. బోర్డులో పెట్టగానే పనిచేసింది. ఎంత కరెంటు తీసుకుంటోందో కొలుద్దామని అమ్మీటరు తగిలిస్తే ముల్లు సున్నా దగ్గరే ఉంది! వెతికి చూస్తే, బోర్డులో లోపం వల్ల చిప్పుకు కరెంటు సరఫరాయే అందడం లేదు. పక్క చిప్పుల నుంచి సంకేతాల తీగల గుండా కారుతున్న కొద్దిపాటి కరెంటుతోనే అది లెక్కలు చేస్తోంది!

ఆ వంశానికి చెందిన ప్రాసెసర్లే ఈనాడు మీ ఇళ్ళలోని ఫోన్లలో ఉన్నాయి. అదే కేంబ్రిడ్జిలో ఎబెన్ అప్టన్, ఆయన మిత్రులు పిల్లలకు కంప్యూటరు విద్య నేర్పడం కోసం 2012 ఫిబ్రవరి 29న రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరును అమ్మకానికి పెట్టారు. దాని బోర్డు పొడవు 85 మిల్లీమీటర్లు, వెడల్పు 56 మిల్లీమీటర్లు. అందులోనూ ఆర్మ్ ప్రాసెసరే.

వాట్ల లెక్క

ఇలాంటి బోర్డు ఒకటి, ఒక చిన్న హార్డ్ డిస్కు కలిసి సుమారు 8 వాట్లు తీసుకుంటాయనుకుందాం. ఒక ఎల్ఈడీ బల్బు తీసుకునేది కూడా దాదాపు అంతే. బల్ల మీద పెట్టే మామూలు కంప్యూటరు 80 వాట్లు తీసుకుంటుందనుకుందాం. రోజంతా నడిపితే ఏమవుతుందో చూడండి.

చిన్న కంప్యూటరు: 8 × 24 = 192 వాట్-గంటలు. నెలకు 5.76 యూనిట్లు.
పెద్ద కంప్యూటరు: 80 × 24 = 1,920 వాట్-గంటలు. నెలకు 57.6 యూనిట్లు.

ఇప్పుడు తుపాను రోజు లెక్క. ఇన్వర్టరు బ్యాటరీ 12 వోల్టులు, 150 ఆంపియర్-గంటలు అనుకోండి. 12 × 150 = 1,800 వాట్-గంటలు. బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయకూడదు. ఇన్వర్టరులోనూ కొంత వృథా అవుతుంది. అందుకని సగం, అంటే 900 వాట్-గంటలే లెక్కలోకి తీసుకుందాం. రూటరు 10 వాట్లు తీసుకుంటుంది. పెద్ద కంప్యూటరుతో కలిపి 90 వాట్లు. 10 గంటల్లో బ్యాటరీ అయిపోతుంది. చిన్న కంప్యూటరుతో కలిపి 18 వాట్లు. 50 గంటలు వస్తుంది. అంటే రెండు రోజుల పైన!

లినక్స్ ఎందుకు?

కంప్యూటరును నడిపించే మూల ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టం అంటారు. 1991లో ఫిన్లండు దేశంలోని హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ రాయడం మొదలుపెట్టాడు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రారంభించిన గ్నూ పథకం వారి ప్రోగ్రాములు దానికి తోడయ్యాయి. దీన్ని ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, ఇతరులకు ఇవ్వవచ్చు. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు దీన్ని తెలుగులోకి కూడా తెచ్చారు.

మనకు ఉపయోగపడే గుణం మరొకటి ఉంది. లినక్స్‌లో అక్కర లేని భాగాలను తీసివేయవచ్చు. మన సర్వర్‌కు తెర లేదు, మౌసు లేదు. కాబట్టి కిటికీలూ బొమ్మలూ చూపే భాగం అసలు వేయనక్కరలేదు. అప్పుడు కొద్దిపాటి జ్ఞాపకశక్తితోనే హాయిగా నడుస్తుంది.

పని మొదలుపెడదాం

కావలసినవి: రాస్ప్‌బెర్రీ పై 4 లేదా అలాంటి బోర్డు, దానికి తగిన 5 వోల్టులు 3 ఆంపియర్ల అడాప్టరు, 32 గిగాబైట్ల మెమొరీ కార్డు, ఒక హార్డ్ డిస్కు, రూటరుకు కలిపే తీగ. బోర్డు కొనలేకపోతే విచారించకండి. మూలన పడి ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసినా ఇదే పని చేస్తుంది. కరెంటు కొంచెం ఎక్కువ తీసుకుంటుంది, అంతే.

1. వేరే కంప్యూటరులో రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ అనే ప్రోగ్రాం సహాయంతో కార్డు మీద లినక్స్ రాయండి. తెర భాగం లేని చిన్న రకాన్ని ఎంచుకోండి. వాడుకరి పేరు, గట్టి పాస్‌వర్డు, దూరం నుంచి లోనికి వెళ్ళే వీలు అప్పుడే ఏర్పాటు చేయండి.

2. కార్డును బోర్డులో పెట్టి, తీగతో రూటరుకు కలిపి, చివరగా కరెంటు ఇవ్వండి.

3. రూటరు పుటలో ఈ బోర్డుకు ఒక స్థిరమైన చిరునామా కేటాయించండి. ఉదాహరణకు 192.168.1.10. ఇంటి నంబరు రోజూ మారితే ఉత్తరాలు చేరవు కదా!

4. వేరే కంప్యూటరు నుంచి ఆ చిరునామాతో లోనికి వెళ్ళి, హార్డ్ డిస్కును ప్రతిసారీ ఒకే చోట తగిలేలా ఏర్పాటు చేయండి. అందులో పాటలు, ఫోటోలు, వీడియోలు అని మూడు ఫోల్డర్లు చేయండి.

5. మినీడీఎల్ఎన్ఏ అనే ప్రోగ్రామును వేయండి. దాని అమరికల ఫైలులో ఈ మూడు ఫోల్డర్ల దారులు రాసి, ప్రోగ్రామును మళ్ళీ ప్రారంభించండి. ఇది వండి పెట్టదు, కొలిచి ఇవ్వడమే చేస్తుంది. కాబట్టి చిన్న బోర్డుకు తగినది.

6. వైఫైకి కలిపిన టీవీలో బయటి పరికరాల జాబితా చూడండి. ఫోనులో అయితే వీఎల్‌సీ తెరిచి, స్థానిక నెట్‌వర్క్ అనే చోట చూడండి. మీ గాదె పేరు కనిపిస్తుంది. తట్టండి. పాట వస్తుంది!

ఇదే బోర్డులో కివిక్స్ అనే ప్రోగ్రాం వేసి, తెలుగు వికీపీడియాను దించుకొని ఉంచవచ్చు. అప్పుడు నెట్టు లేని రోజున కూడా పాఠానికి కావలసిన విషయాలు చూసుకోవచ్చు.

క్యాసెట్టు నుంచి గాదెకు

క్యాసెట్టు టేపు మీద ఇనుప ఆక్సైడు వంటి అయస్కాంత పదార్థపు పూత ఉంటుంది. పాట ఆ పూతలో అయస్కాంత గుర్తులుగా నిలుస్తుంది. ఏళ్ళు గడిచేకొద్దీ, తేమ తగిలేకొద్దీ పూత పాడవుతుంది, గుర్తులు మసకబారతాయి. మన సముద్రతీరంలో తేమకు కొదువ లేదు కదా! కాబట్టి ఈ పని ఆలస్యం చేయకూడదు.

టేపును మొదట ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి చుట్టండి. టేపు రికార్డరు హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటరు మైకు రంధ్రానికి తీగ కలపండి. ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాంతో రికార్డు చేయండి. శబ్దం పెద్దదైనప్పుడు కొలత గీత చివరిదాకా తగలకుండా స్థాయి తగ్గించి పెట్టండి. తగిలితే గొంతు చీలినట్టు వినిపిస్తుంది. తరువాత సరిచేయడం కుదరదు.

విజయనగరంలో 1919లో మహారాజా సంగీత కళాశాల మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు దాని తొలి ప్రిన్సిపాలు. ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడ వయొలిన్ నేర్పారు. ఘంటసాల, పి. సుశీల అక్కడ చదివినవారే. ఘంటసాల, సుశీల పాటలు మీ ఇంట్లో లేకపోతే పక్కింట్లో దొరుకుతాయి. కాని మీ ఊరి తప్పెటగుళ్ళ బృందం పాట, మీ నాయనమ్మ పాడిన పెళ్ళిపాట ప్రపంచంలో ఒకే ఒక్క టేపు మీద ఉండవచ్చు. అది పోతే ఇక లేనట్టే. గాదెలో ముందుగా పోయవలసినవి అవే.

ఎక్కించగానే పేరు రాయండి. ఎవరు పాడారు, ఏ ఊరు, ఏ సంవత్సరం? ఇంట్లో పెద్దవాళ్ళను ఇప్పుడే అడగండి. పేరు లేని గొంతు ఎవరిదో ఇరవై ఏళ్ళ తరువాత చెప్పేవారు ఉండరు.

జాగ్రత్తలు

తీగ: సన్నని, పొడవైన చార్జింగు తీగ వాడకండి. దాని నిరోధం 0.3 ఓములు, ప్రవాహం 2 ఆంపియర్లు అనుకుంటే, ఓమ్ నియమం ప్రకారం 0.6 వోల్టులు తీగలోనే పోతాయి. 5 వోల్టులకు బదులు బోర్డుకు 4.4 వోల్టులే అందుతాయి. రాస్ప్‌బెర్రీ పై 4.63 వోల్టులకు తగ్గితే హెచ్చరిస్తుంది, ఒక్కోసారి ఆగిపోతుంది.

వేడి: ప్రాసెసరు ఉష్ణోగ్రత 80 డిగ్రీలు దాటితే బోర్డు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మే నెల ఎండల్లో రేకుల కప్పు కింద, టీవీ వెనుక ఇరికించకండి. గాలి ఆడే చోట పెట్టండి.

కరెంటు కోత: రాస్తూ ఉండగా కరెంటు పోతే కార్డులోని సమాచారం చెడిపోవచ్చు. ఆపవలసి వస్తే ఆగమని ఆజ్ఞ ఇచ్చి, ఆగిన తరువాతే ప్లగ్ తీయండి. పిడుగులు పడే సూచన ఉంటే ముందే ఆపి, అన్ని తీగలూ ఊడదీయండి. మెయిన్ కరెంటు పనులను పెద్దవాళ్ళకు వదిలేయండి.

రెండో ప్రతి: ఒకే గాదె ఉంటే నిప్పు పడిన నాడు అంతా పోతుంది. వేరే డిస్కులో ఒక ప్రతి తీసి, అమ్మమ్మగారి ఊళ్ళో ఉంచండి. ఒకే తుపాను రెండు ఊళ్ళనూ ఒకేలా ముంచడం అరుదు.

అనుమతి: మీరు తీసినవీ, కొనుక్కున్నవీ దాచుకోండి. కళాకారుల పాటను ఇతరులకు ఇచ్చే ముందు వారిని అడగండి. ఈ సర్వర్‌ను ఇంటి వలకే పరిమితం చేయండి. బయటి నెట్టుకు తలుపు తెరవకండి.

చేసి చూడండి

1. తీగ నిరోధం 0.2 ఓములు, ప్రవాహం 2.5 ఆంపియర్లు. 5 వోల్టుల అడాప్టరు నుంచి బోర్డుకు అందేది ఎన్ని వోల్టులు? రాస్ప్‌బెర్రీ పై హెచ్చరిస్తుందా?

2. గంటేసి నిడివి గల 40 క్యాసెట్లను ఎంపీ3గా మారిస్తే ఎంత చోటు కావాలి?

3. 8 వాట్ల సర్వర్ 365 రోజులు ఆగకుండా నడిస్తే ఎన్ని యూనిట్లు అవుతాయి?

4. మీ ఇంట్లోని క్యాసెట్లు, పాత ఫోన్లు, పెన్‌డ్రైవులు అన్నీ వెతికి, ఒక్కొక్కదానిలో ఏముందో, ఎవరి గొంతు ఉందో నోటుపుస్తకంలో పట్టిక రాయండి. ఇంట్లో అందరికంటే పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకొని రాయండి.

జవాబులు: 1. 4.5 వోల్టులు, హెచ్చరిస్తుంది. 2. 2,304 మెగాబైట్లు, అంటే సుమారు 2.3 గిగాబైట్లు. 3. సుమారు 70 యూనిట్లు. 4. ఈ జవాబు మీ ఇంట్లోనే ఉంది.